మన టీవీ కేంద్రం మన ఇంటికి ఏ దారిన వస్తుంది?

హైదరాబాదులో ఉప్పల్ వైపు వెళ్ళే దారిలో రామంతాపూర్ దగ్గర దూరదర్శన్ కేంద్రం ఉంది. ఆ చుట్టుపక్కల వీధుల్లో ఒక ఇల్లు ఉందనుకోండి. స్టూడియోకీ ఆ ఇంటికీ మధ్య దూరం మహా అయితే రెండు కిలోమీటర్లు. సాయంత్రం యాదగిరి చానల్లో వార్తలు చదివే ఆమె "నమస్కారం" అంటుంది. ఆ మాట ఆ ఇంటి టీవీలో వినిపించేలోగా ఎంత దూరం ప్రయాణం చేస్తుందో చెప్పగలరా?

రెండు కిలోమీటర్లేగా అంటే పొరపాటే. ఆ ఇంటి డాబా మీద ఉచిత ప్రసారాల డిష్ ఉంటే, ఆ మాట ముందుగా ఢిల్లీ చేరాలి. అక్కడ తోడాపూర్‌లో ఉన్న భూకేంద్రం నుండి, భూమధ్యరేఖకు సుమారు 36,000 కి.మీ. ఎత్తున ఉన్న ఉపగ్రహానికి ఎక్కాలి. మళ్ళీ అంత దూరమూ కిందికి దిగాలి. పక్క వీధిలో పెళ్ళికి కాశీ మీదుగా వెళ్ళినట్టన్నమాట!

ఇంత చుట్టు తిరగటం ఎందుకు? దగ్గరి దారి లేదా? ఒకప్పుడు ఉండేది. ఇప్పుడది మూతపడింది. మిగిలినవి మూడు: కేబుల్ తీగ, డిష్, ఇంటర్నెట్. మామూలు రోజుల్లో ఏ దారిన వచ్చినా బొమ్మ ఒకటే కనుక మనం పట్టించుకోం. కానీ 2014 అక్టోబరు 12 లాంటి రోజును తలచుకోండి. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడిన రోజది. కరెంటు లేదు, చాలా చోట్ల ఫోన్లు పలకలేదు, స్తంభాలూ చెట్లూ కలిసి నేలకూలాయి. స్థానిక వార్తలు అన్నిటికన్నా అవసరమయ్యేది అటువంటి రోజునే. అందుచేత మీ ఇంటికి టీవీ ఏ దారిన వస్తోంది, ఆ దారి ఎక్కడ తెగే అవకాశం ఉంది అన్న సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

డాబా మీది గొట్టాలు

మూతపడిన దారితోనే మొదలుపెడదాం. మిగతా వాటిని అర్థం చేసుకోవటానికి అదే పునాది.

మీ నాన్నగారినో, మేనమామనో అడిగి చూడండి. ఒకరు డాబా ఎక్కి ఏంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరిచేవారు. ఇంకొకరు టీవీ ముందు కూర్చుని "ఆఁ, వచ్చింది! అయ్యో, పోయింది! ఇంకొంచెం ఇటు తిప్పు" అనేవారు. మెట్ల మీద నిలబడి ఈ మాటలను పైకీ కిందికీ చేరవేసే మూడో మనిషి ఒకరు ఉండేవారు. ఆ పని సాధారణంగా ఇంట్లో అందరికన్నా చిన్నవాడిది. ఆదివారం సినిమా సరిగ్గా మొదలయ్యే వేళకు ఏంటెన్నా మీద కాకి వాలేది.

ఆ ఏంటెన్నాలో అయిదారు అల్యూమినియం గొట్టాలు నిచ్చెన మెట్లలాగా ఉండేవి. వాటిలో టీవీకి పోయే వైరు తగిలించి ఉండేది ఒక్కదానికే. మిగిలిన గొట్టాలు దేనికీ తగిలించి ఉండవు! మరి అవెందుకు? వైరున్న గొట్టానికి వెనుక ఉన్నది కొంచెం పొడవు ఎక్కువ. అది వచ్చిన తరంగాన్ని అద్దంలాగా ముందుకు నెడుతుంది. ముందున్నవి కొంచెం పొట్టివి. అవి తరంగాన్ని వైరున్న గొట్టం వైపు మళ్ళిస్తాయి. అంటే ఏంటెన్నా ఒక దిక్కు నుండి వచ్చేదాన్ని ఎక్కువగా, మిగతా దిక్కుల నుండి వచ్చేదాన్ని తక్కువగా తీసుకుంటుంది. జపానులో హిదెత్సుగు యాగి, షింతారో ఉదా అనే ఇద్దరు 1926 ప్రాంతంలో రూపొందించిన ఏర్పాటిది. అందుకే దానికి యాగి-ఉదా ఏంటెన్నా అని పేరు.

గొట్టం పొడవు ఎంత ఉండాలో మీరే లెక్క కట్టవచ్చు. రేడియో తరంగం సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది. పౌనఃపున్యం 200 మెగాహెర్ట్‌జ్, అంటే సెకనుకు 20 కోట్ల కంపనాలు అనుకుందాం. భాగిస్తే తరంగదైర్ఘ్యం 1.5 మీటర్లు. వైరున్న గొట్టం అందులో సుమారు సగం, అంటే 75 సెంటీమీటర్లు ఉండాలి. అదే 60 మెగాహెర్ట్‌జ్ ప్రాంతంలో ప్రసారమయ్యే చానల్‌కైతే రెండున్నర మీటర్ల గొట్టం కావాలి. కొన్ని ఊళ్ళలో ఏంటెన్నాలు చిన్నవిగా, కొన్ని ఊళ్ళలో మనిషికన్నా పొడవైన గొట్టాలతో ఉండటానికి కారణం ఇదే.

ఈ తరంగాలు దాదాపు కాంతిలాగే సూటిగా పోతాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కొంత దూరం పోయాక నేల కిందికి వంగిపోతుంది, తరంగం పైనుండి పోతుంది. ఎంత దూరం అందుతుందో చెప్పటానికి ఇంజనీర్లు ఒక చిన్న సూత్రం వాడతారు. టవరు ఎత్తు వర్గమూలానికి, మీ ఏంటెన్నా ఎత్తు వర్గమూలాన్ని కలిపి, 4.12తో గుణించండి. ఎత్తులు మీటర్లలో వేస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. టవరు 150 మీటర్లు, మీ డాబా మీది ఏంటెన్నా 10 మీటర్లు అయితే సుమారు 63 కిలోమీటర్లు. ఆ పరిధి దాటిన పల్లెల్లో వెదురు బొంగు మీద బొంగు కట్టి ఏంటెన్నాను ఆకాశానికెత్తేవారు. సూత్రం తెలియకపోయినా లెక్క సరిగ్గానే చేశారు.

బొమ్మ పక్కనే పలచగా ఇంకో బొమ్మ కనిపించటం ఆ రోజుల్లో మామూలు. వార్తలు చదివే మనిషికి రెండు ముక్కులుండేవి. సూటిగా వచ్చిన తరంగంతో పాటు, ఏ కొండకో ఎత్తయిన మేడకో తగిలి తిరిగివచ్చిన తరంగం కూడా ఏంటెన్నాలోకి రావటమే ఇందుకు కారణం. తిరిగివచ్చినది 300 మీటర్లు ఎక్కువ నడిచిందనుకోండి. అది ఒక మైక్రోసెకను ఆలస్యంగా వస్తుంది. పాత టీవీ తెర మీద సెకనుకు 15,625 గీతలు గీసేవారు. ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు, అందులో కంటికి కనిపించే భాగం 52. తెర వెడల్పు 40 సెంటీమీటర్లయితే ఒక మైక్రోసెకనుకు ముప్పాతిక సెంటీమీటరు. రెండో ముక్కు సరిగ్గా అంత దూరంలో కనిపిస్తుంది! ఆ రోజుల్లో ఈ లెక్క తెలిసిన విద్యార్థి టీవీ తెర మీద స్కేలు పెట్టి, తరంగం ఎంత చుట్టు తిరిగి వచ్చిందో చెప్పగలిగేవాడు.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలయింది. విచిత్రమేమిటంటే, అంతకు ముందే కొన్ని తెలుగు పల్లెలు ఉపగ్రహం నుండి నేరుగా టీవీ చూశాయి. 1975 ఆగస్టు నుండి 1976 జూలై దాకా ఏడాది పాటు ఇస్రో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కలిసి 'సైట్' అనే ప్రయోగం చేశాయి. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఊరి బడి దగ్గరో పంచాయతీ దగ్గరో కోళ్ళ గూటికి వాడే వల లాంటి లోహపు వలతో చేసిన, మూడు మీటర్ల వెడల్పు గొడుగు పెట్టేవారు. అంటే మహానగరం కన్నా ముందు పల్లెకు టీవీ వచ్చింది, అదీ ఆకాశం నుండి. భూస్థిర ఉపగ్రహాలతో ప్రసారాలు చేయవచ్చని 1945లోనే రాసిన ఆర్థర్ క్లార్క్‌కు, అప్పుడు శ్రీలంకలో నివసిస్తున్నందున, ఆ ప్రయోగ కాలంలో ఇస్రో వారు ఒక సెట్టు అమర్చి ఇచ్చారు.

ఇక ఆ టవర్లు ఏమయ్యాయి? చూసేవాళ్ళు తగ్గారు, నడిపే ఖర్చు తగ్గలేదు. ప్రసారభారతి విడతలవారీగా పాత పద్ధతి ప్రసారాలను ఆపివేసింది. 2022 మార్చి నాటికి వ్యూహాత్మక ప్రదేశాల్లోని యాభై దాకా ట్రాన్స్‌మిటర్లు తప్ప మిగిలినవన్నీ మూతపడ్డాయి. నేల మీది టవర్ల నుండే డిజిటల్ పద్ధతిలో పంపే ఏర్పాటును 2016లో 16 నగరాల్లో ప్రారంభించారు గానీ, దానికి వేరే పెట్టె కావాలి. అది మన ఇళ్ళలోకి వ్యాపించలేదు. కాబట్టి డాబా మీద ఇంకా పాత ఏంటెన్నా ఉంటే అది ఇప్పుడు కాకులకు మాత్రమే పనికివస్తుంది. ఆపేసిన నిర్ణయానికి ఖర్చు దృష్ట్యా అర్థం ఉంది. అయినా దగ్గరి దారి ఒకటి పోయిందన్నది నిజమే.

తీగ దారి

కేబుల్ గురించి మీకు చాలావరకు తెలిసే ఉంటుంది, క్లుప్తంగా చెప్పుకుందాం. కేబుల్ సంస్థవారి ముఖ్య కేంద్రంలో రెండు మూడు మీటర్లకు పైబడిన పెద్ద పెద్ద డిష్‌లుంటాయి. అవి పట్టిన చానళ్ళన్నిటినీ ఒక కట్టగా కట్టి గాజు తంతువు మీద పేటకు పంపుతారు. అక్కడి నుండి నల్లటి కోయాక్సియల్ తీగ మీద ఇంటింటికీ ఇస్తారు. తీగలో సంకేతం పోనుపోను బలహీనపడుతుంది కనుక మధ్య మధ్య స్తంభాల మీద పెంచే పెట్టెలు పెడతారు. ప్రతి పెట్టెకూ కరెంటు కావాలి. మీ వీధిలో కరెంటు ఉండి కూడా కేబుల్ రాలేదంటే, పై వీధిలో కరెంటు పోయి ఉండవచ్చు.

హైదరాబాదు, విశాఖపట్నాల్లో 2013 నుండి, మిగతా ఊళ్ళలో ఆ తర్వాత విడతల్లో కేబుల్ డిజిటల్ అయింది. అందుకే ఇంట్లో సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి. 1995 నాటి కేబుల్ చట్టం ప్రకారం ప్రభుత్వం ప్రకటించిన దూరదర్శన్ చానళ్ళను ప్రతి కేబుల్ ఆపరేటరూ ఇచ్చి తీరాలి. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు యాదగిరి, ఆంధ్రప్రదేశ్‌కు సప్తగిరి ఏర్పడ్డాయి. మీ పెట్టెలో మీ రాష్ట్రపు చానల్ దొరకకపోతే ఊరుకోకండి. ఆపరేటరును అడగండి.

కేబుల్‌కు ఒక ప్రత్యేకత ఉంది. మీ పట్నంలో ఆపరేటరు తానే నడిపే చిన్న చానల్ ఉంటుంది చూడండి. మున్సిపాలిటీ నీళ్ళు వదిలే వేళలు, జాతర ఊరేగింపు, తప్పిపోయిన పిల్లవాడి ఫోటో అందులో వస్తాయి. అసలైన స్థానిక టీవీ అంటే అదే. అది డిష్‌లో దొరకదు. ఉపగ్రహంలో చోటు కొనే శక్తి దానికి లేదు. అది కావాలంటే తీగ ఉండాల్సిందే.

ఆకాశం దారి

ఇప్పుడు డిష్ సంగతి. 2004 డిసెంబరులో దూరదర్శన్ 'డీడీ డైరెక్ట్ ప్లస్' పేరుతో ప్రారంభించిన సేవ ఇప్పుడు 'డీడీ ఫ్రీ డిష్'. దీనికి నెల నెలా కట్టే రుసుము లేదు. డిష్‌కు, పెట్టెకు కలిపి ఒకసారి పెట్టే ఖర్చు సుమారు రెండు వేల రూపాయలు. పెట్టె కొనేటప్పుడు ఎంపెగ్-4 రకం అడిగి తీసుకోండి. అది పాత, కొత్త రకాల ప్రసారాలు రెండింటినీ చదవగలదు. యాదగిరి, సప్తగిరి రెండూ ఇందులో ఉన్నాయి.

ఈ ప్రసారాలు జీశాట్-15 అనే మన ఉపగ్రహం నుండి వస్తాయి. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానా నుండి దాన్ని ప్రయోగించారు. భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమితో పాటే తిరుగుతూ ఉంటుంది కనుక మనకు కదలనట్టే ఉంటుంది. డిష్‌ను ఒకసారి బిగిస్తే మళ్ళీ తిప్పే పని లేకపోవటానికి కారణం అదే.

అయితే ఆ ఒక్కసారి సరిగ్గా బిగించాలి. అరవై సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీలకు మించదు. కొలవటానికి రెండు కోణాలు కావాలి. ఉత్తరం నుండి తూర్పు మీదుగా ఎంత తిరగాలన్నది మొదటిది. నేల నుండి ఎంత పైకి చూడాలన్నది రెండోది. త్రికోణమితి చదివినవాళ్ళు అక్షాంశ రేఖాంశాలతో వీటిని లెక్కకట్టగలరు. నేను కట్టిన లెక్క ఇది: హైదరాబాదుకు 138, 63 డిగ్రీలు. విజయవాడకు 141, 66. విశాఖపట్నానికి 149, 66. తిరుపతికి 133, 67. ఆగ్నేయం అంటే 135 డిగ్రీలు. కాబట్టి మన ఊళ్ళలో ఈ డిష్‌లన్నీ ఇంచుమించు ఆగ్నేయ మూలకే చూస్తుంటాయి. దారి తప్పినవాడికి దిక్సూచిలా పనికివస్తాయి కూడా!

ఈ ఉపగ్రహపు వెలుగు దేశమంతా పడుతుంది. దానికి రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. సూరత్ మరమగ్గాల పేటలో ఉండే తెలుగు కుటుంబం డిష్‌ను 134, 56 డిగ్రీలకు, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఉండేవారు 164, 63 డిగ్రీలకు తిప్పుకుంటే మనం చూసే యాదగిరే వారికీ వస్తుంది. అదే టవరు కాలంలో అయితే రాష్ట్రం దాటగానే తెలుగు ఆగిపోయేది.

ఇక్కడ కొత్తవాళ్ళు పడే గోతి ఒకటి ఉంది. 63 డిగ్రీలు అన్నారు కదా అని డిష్‌ను ఆకాశంవైపు వెల్లకిలా వేస్తారు. సంకేతం చుక్కయినా రాదు. ఇళ్ళ మీది చిన్న డిష్‌లు పూర్తి గిన్నెలు కావు. పెద్ద గిన్నెలో ఒక పక్క నుండి కోసిన ముక్కలు. తరంగాలు ముఖానికి నిట్టనిలువుగా పడవు, పై నుండి ఏటవాలుగా పడి కింద చేతి చివర ఉన్న పరికరం వైపు మళ్ళుతాయి. అందుచేత డిష్ ముఖం అసలు కోణం కన్నా ఇరవై పాతిక డిగ్రీలు కిందికి చూస్తున్నట్టు కనిపిస్తుంది. బ్రాకెట్టు మీద గీసిన అంకెలు ఈ తేడాను లెక్కలో వేసుకునే గీస్తారు. కంటిని కాక ఆ అంకెలను నమ్మండి. దిక్సూచిని మాత్రం ఇనుప గొట్టానికి దూరంగా నిలబడి చూడండి.

ఆ చేతి చివర ఉన్న పరికరాన్ని ఎల్ఎన్‌బి అంటారు. వచ్చే తరంగాల పౌనఃపున్యం 11,000, 12,000 మెగాహెర్ట్‌జ్‌ల ప్రాంతంలో ఉంటుంది. అంతటి పౌనఃపున్యం మామూలు తీగలో కొద్ది మీటర్లు పోయేసరికే నీరసించిపోతుంది. అందుకని ఎల్ఎన్‌బి తనలో పుట్టించుకున్న మరో తరంగంతో దాన్ని కలిపి తేడాను కిందికి పంపుతుంది. ఉదాహరణకు 11,500లో నుండి 9,750 తీసేస్తే 1,750. అది తీగలో హాయిగా పోతుంది. ఆ తీగ మీదే పెట్టె నుండి పైకి కరెంటు పోతుంది. 13 వోల్టులు పంపితే ఎల్ఎన్‌బి నిలువుగా కంపించే తరంగాలను, 18 పంపితే అడ్డంగా కంపించేవాటిని ఎంచుకుంటుంది. ఒకే తీగ మీద పైకి ఆజ్ఞ, కిందికి బొమ్మ! తీగ తగిలించేటప్పుడు పెట్టె స్విచ్ ఆపటం మరవకండి.

డిష్‌కు ఎదురుగా ఏ చెట్టో, మేడో అడ్డుందా అన్నది ఎలా తెలుసుకోవాలి? దీనికి సూర్యుడు సాయం చేస్తాడు. ఏడాదిలో రెండుసార్లు, మార్చి 12-14 తేదీల ప్రాంతంలోను, సెప్టెంబరు నెలాఖరు, అక్టోబరు మొదటి రోజుల్లోను, మన ప్రాంతం నుండి చూస్తే సూర్యుడు సరిగ్గా ఈ ఉపగ్రహం వెనుకగా పోతాడు. మార్చిలో ఉదయం 11 గంటల 15 నిమిషాల ప్రాంతంలో, రెండోసారి 11 గంటలకు కాస్త ముందు. ఆ సమయంలో డిష్ పెట్టదలచిన చోట నేల మీద ఎండ పడుతుంటే దారి తెరిచి ఉన్నట్టే. నీడ పడుతుంటే ఆ నీడ ఎవరిదో వాళ్ళే అడ్డు. సూర్యుడి వైపు చూడనక్కరలేదు, చూడకూడదు కూడా. నేల మీద నీడ చూస్తే చాలు. డిష్ ముందే ఉన్నవాళ్ళు ఇంకో వింత గమనించవచ్చు. సూర్యుడూ రేడియో తరంగాలను వెదజల్లుతాడు కనుక ఆ కొద్ది నిమిషాలు పెట్టె చూపించే సంకేతపు నాణ్యత పడిపోతుంది, ఒక్కోసారి బొమ్మే పోతుంది. ఆ రోజుల్లో అది చూసి మెకానిక్‌ను పిలిచి డబ్బులు ఇచ్చుకోకండి.

ఇక వాన. ఈ తరంగాల దైర్ఘ్యం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. వాన చినుకు కొన్ని మిల్లీమీటర్లు. తరంగం పొడవుకు చినుకు పరిమాణం ఇంత దగ్గరగా ఉంటే చినుకులు దాని శక్తిని పీల్చేసి చెదరగొడతాయి. పాత టవరు తరంగం ఒకటిన్నర మీటర్ల పొడవు. దానికి చినుకు లెక్కలోది కాదు. మన దగ్గర వాన మేఘం నుండి నేల దాకా అయిదు కిలోమీటర్లు వాన పడుతోందనుకుంటే, 63 డిగ్రీల ఏటవాలులో డిష్‌కు వచ్చే తరంగం అయిదున్నర కిలోమీటర్ల వానను దాటాలి. ముసురుకు ఫరవాలేదు గానీ కుంభవృష్టికి తట్టుకోలేదు. పైగా పాత టీవీలో సంకేతం తగ్గితే చుక్కలు పడేవి, మాట మాత్రం వినిపించేది. డిజిటల్‌లో ఆ మొహమాటం లేదు. కొంతదాకా శుభ్రంగా ఉంటుంది, ఆ తర్వాత గళ్ళుగళ్ళుగా విరిగి ఒక్కసారిగా మాయమవుతుంది.

అరచేతిలో టీవీ

స్థానిక చానళ్ళలో చాలావాటిని ఇప్పుడు ఫోనులో చూడవచ్చు. దూరదర్శన్ కార్యక్రమాలు యూట్యూబులో, ప్రసారభారతి 2024 నవంబరులో ప్రారంభించిన 'వేవ్స్'లో దొరుకుతాయి. జీశాట్-15 వెలుగు పడని దేశాల్లో ఉన్న తెలుగువారికి ఇదొక్కటే దారి.

డిష్‌కూ దీనికీ మౌలికమైన తేడా ఉంది. ఉపగ్రహం ఒకసారి వెదజల్లినదాన్ని పదిమంది చూసినా, పది కోట్లమంది చూసినా దానికి అదనపు బరువు లేదు. ఇంటర్నెట్‌లో ప్రతి ఫోనుకూ విడిగా ఒక ప్రతి పంపాలి. వీధిలో మైకు పెట్టి చెప్పటానికీ, ఇంటింటికీ ఉత్తరం రాయటానికీ ఉన్నంత తేడా. సెకనుకు ఒకటిన్నర మెగాబిట్ల చొప్పున గంటసేపు చూస్తే 675 మెగాబైట్లు ఖర్చవుతుంది. మీ వీధి టవరు కింద వందమంది ఒకేసారి మొదలుపెడితే, చక్రం తిరుగుతూ కూర్చుంటుంది.

ఇంకో సంగతి, ఆలస్యం. ఉపగ్రహానికి వెళ్ళి రావటానికి పట్టేది సెకనులో నాలుగో వంతే. ఫోనులో మాత్రం బొమ్మను ముక్కలుగా కోసి, కొంత ముందుగా పోగుచేసుకుని చూపిస్తారు కనుక చాలా సెకన్లు వెనుకబడుతుంది. క్రికెట్ మ్యాచ్ రోజున మీ ఫోనులో బౌలరు ఇంకా పరుగెత్తుతుండగానే పక్కింటివాళ్ళు కేకలు వేయటం మీకు అనుభవమే. ఒకే చానల్‌ను ఒక గదిలో డిష్‌లోను, ఫోనులోను పెట్టి, గడియారంతో ఈ తేడాను కొలిచి చూడండి. రెండు మూడు రోజులు, వేరు వేరు వేళల్లో కొలిస్తే అంకె మారుతూ ఉంటుంది.

ఇంటర్నెట్‌తో పని లేకుండా, టవరు నుండి నేరుగా ఫోనులోకి టీవీ పంపే పద్ధతి మీద ఐఐటీ కాన్పూర్, ప్రసారభారతి కలిసి పని చేశాయి. 2023లో బెంగళూరు, ఢిల్లీ, నోయిడాలలో పరీక్షలు జరిగాయి. మూసేసిన దగ్గరి దారినే ఇంకో రూపంలో తెరిచే ప్రయత్నమిది. సామాన్యుడి ఫోనులో అందుకు తగిన చిప్ ఉంటేనే అది నడుస్తుంది.

తుఫాను రోజున

మళ్ళీ మొదటి ప్రశ్నకు వద్దాం. తుఫాను తీరం దాటే రాత్రి ఏది మిగులుతుంది?

కేబుల్ తీగ స్తంభాల మీద ఉంటుంది. స్తంభం పడితే తీగా పడుతుంది. మళ్ళీ కట్టటానికి రోజులు పడుతుంది. ఫోను టవర్లకు బ్యాటరీలూ డీజిలూ ఉంటాయి గానీ, అవి అయిపోయేలోగా కరెంటు రాకపోయినా, టవరుకు వచ్చే తీగ తెగినా మూగబోతాయి. డిష్ విషయం వేరు. దానికి మీ ఇంటికీ ఢిల్లీకీ మధ్య నేల మీద స్తంభం అంటూ లేదు. జోరువానలో కొంతసేపు బొమ్మ పోతుంది, వాన తగ్గగానే దానంతటదే తిరిగి వస్తుంది. దానికి అసలు శత్రువు గాలి. డిష్ పూర్తిగా ఎగిరిపోనక్కరలేదు, రెండు మూడు డిగ్రీలు కదిలితే చాలు.

కనుక ఇప్పుడే, బొమ్మ బాగా వస్తున్న రోజున, గొట్టం మీద, బ్రాకెట్టు మీద, రెండూ కలిసే చోట అడ్డంగా నిలువుగా రంగు గీతలు గీసి ఉంచండి. నెయిల్ పాలిష్ అయినా సరే. తుఫాను తర్వాత మెకానిక్ కోసం వారం ఎదురుచూడకుండా గీతకు గీత కలిపి మీరే బిగించుకోవచ్చు. పెద్దవాళ్ళు తోడు లేకుండా, పిట్టగోడ ఎక్కి మాత్రం ఈ పని చేయకండి. దగ్గరలో కరెంటు తీగలు వేలాడుతుంటే డాబా ఎక్కనే వద్దు.

కరెంటు లెక్క కూడా చూద్దాం. 32 అంగుళాల ఎల్ఈడీ టీవీకి సుమారు 50 వాట్లు, పెట్టెకు 10 వాట్లు అనుకోండి. ఇంట్లో ఇన్వర్టరు ఉండి, దాని బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్-గంటలదైతే మొత్తం 1,800 వాట్-గంటలు. వాడుకోదగినది అందులో మూడింట రెండు వంతులే అనుకున్నా 1,200. ఫ్యాన్లు ఆపి టీవీ మాత్రమే చూస్తే ఇరవై గంటలు. గంటకోసారి పది నిమిషాలు వార్తలు చూసి ఆపితే అయిదు రోజులు నడుస్తుంది.

ఇన్వర్టరు లేని ఇంట్లో, గాలికి డిష్ పోయిన ఇంట్లో, మూడు పెన్సిల్ సెల్లులతో నడిచే చిన్న రేడియో ఉంటే ఆకాశవాణి వార్తలు వినవచ్చు. దాని మీడియం వేవ్ తరంగం కొన్ని వందల మీటర్ల పొడవు ఉంటుంది. ఎంతటి వానా దానికి లెక్క కాదు.